సోర్స్ ఇచ్చాం అంటే చాలదు, అది బిల్డ్ కావాలి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. ఓపెన్ సోర్స్ లైసెన్సుల కింద సోర్స్ కోడ్ ఎప్పుడు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి, ఎంతవరకు ఇవ్వాలి అని. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈసారి శీర్షికంతా దీనికే కేటాయించాను. ముందే ఒక మాట. నేను లాయర్ని కాను. పద్నాలుగేళ్ళు ఫర్మ్‌వేర్ (పరికరాల లోపల నడిచే సాఫ్ట్‌వేర్) రిలీజుల పనిలో ఉన్నాను. అందులో చివరి ఆరేళ్ళూ బయటికి వెళ్ళే సోర్స్ ప్యాకేజీలను సరిచూడటమే నా ఉద్యోగం. నోటీసు అందినవాళ్ళు, కోర్టు దాకా వెళ్ళేలా ఉన్నవాళ్ళు తప్పకుండా లాయర్ని కలవండి. ఆ పరిస్థితి రాకుండా ఏం చేయాలన్నది మాత్రం నేను చెప్పగలను. కింద మాటిమాటికీ వచ్చే జీపీఎల్ అంటే గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్స్, ప్రోగ్రామ్‌ని పంచితే సోర్స్ కూడా ఇవ్వమనే లైసెన్సు. ప్రోగ్రామర్లు రాసేది సోర్స్, దాన్ని బిల్డ్ చేస్తే వచ్చి మెషిన్ మీద నడిచేది బైనరీ.

ప్రశ్న: మేడమ్, మాది నెట్‌వర్క్ కెమెరాలు తయారుచేసే చిన్న కంపెనీ. కెమెరా లోపల నడిచేది లినక్స్, బిజీబాక్స్. ఒక కస్టమర్ "జీపీఎల్ ప్రకారం సోర్స్ కోడ్ పంపండి" అని మెయిల్ రాశారు. "మనం కెర్నెల్‌లో ఒక్క లైను కూడా మార్చలేదు, కెర్నెల్ సైటు లింకు పంపించెయ్" అంటున్నారు మా మేనేజర్. అలా పంపితే సరిపోతుందా?
— ఒక ఫర్మ్‌వేర్ ఇంజనీరు

జవాబు: సరిపోదు. మీ మేనేజర్ గారి మాటలో రెండు పొరపాట్లున్నాయి. రెండూ చాలా ఆఫీసుల్లో వినపడేవే.

మార్చకపోతే బాధ్యత లేదనుకోవడం మొదటిది. కెర్నెల్ (లినక్స్‌కి గుండె లాంటి భాగం), బిజీబాక్స్ (చాలా కమాండ్లను ఒకే ఫైలులో ఇచ్చే ప్రోగ్రామ్) రెండూ జీపీఎల్ రెండో వెర్షన్ కింద ఉన్నాయి. 1991 జూన్‌లో వచ్చిన లైసెన్సు అది. సోర్స్ ఇవ్వాలన్న షరతు అందులో మూడో సెక్షన్‌లో ఉంటుంది. మీరు కోడ్ మార్చారా లేదా అని ఆ సెక్షన్ అడగదు. బైనరీని ఇంకొకరి చేతిలో పెట్టారా లేదా అన్నదే దానికి ముఖ్యం. కెమెరా అమ్మారంటే దాని ఫ్లాష్ మెమరీలో ఉన్న కెర్నెల్ బైనరీని కూడా పంపిణీ చేసినట్టే.

పైగా ఆ "ఒక్క లైను కూడా మార్చలేదు" అన్న మాట ఒకసారి పరీక్షించి చూడండి. మీ బిల్డ్‌లో ఉన్న కెర్నెల్‌నీ, కెర్నెల్ సైటులో అదే నంబరుతో ఉన్న కెర్నెల్‌నీ పక్కపక్కన పెట్టి డిఫ్, అంటే తేడాల జాబితా, తీయండి. చిప్ కంపెనీ ఇచ్చిన కెర్నెల్ మీద నేను ఎన్నోసార్లు తీశాను, ఒక్కసారి కూడా ఖాళీగా రాలేదు. సెన్సర్ డ్రైవరో, క్లాక్ సెట్టింగో, బోర్డు ఫైలో ఏదో ఒకటి ఉంటుంది. మీరు మార్చకపోయినా మీకు ఇచ్చినవాళ్ళు మార్చారు.

రెండో పొరపాటు వేరేవాళ్ళ లింకు చూపించడం. బైనరీతో పాటే పూర్తి సోర్స్ ఇవ్వొచ్చు. లేదా "అడిగిన ఎవరికైనా సోర్స్ ఇస్తాం" అని కనీసం మూడేళ్ళు చెల్లే హామీని రాసి ఇవ్వొచ్చు. ఆ హామీ మీ కస్టమర్‌కే పరిమితం కాదు, ఎవరడిగినా ఇవ్వాలి. కాపీ చేసి పంపడానికి అయ్యే ఖర్చుకు మించి ఒక్క పైసా తీసుకోకూడదు. ఫర్మ్‌వేర్‌ని మీ సైటు నుంచి డౌన్‌లోడ్‌కి ఇస్తున్నారంటే సోర్స్‌నీ అదే చోట, అంతే సులువుగా దొరికేలా పెట్టినా చెల్లుతుంది. ఏ దారి పట్టినా ఇవ్వాల్సింది మీరు. కెర్నెల్ సైటు నడిపేవాళ్ళకు మీ కెమెరాతో ఏ ఒప్పందమూ లేదు. మీ కెమెరాలో ఉన్న సరిగ్గా ఆ కోడ్ వాళ్ళ దగ్గర ఉండదు కూడా.

ఇక అసలు విషయం. లైసెన్సు అడిగేది "పూర్తి సోర్స్". ఆ మాటను లైసెన్సే వివరిస్తుంది: అందులో ఉన్న అన్ని మాడ్యూళ్ళ సోర్స్, వాటి ఇంటర్‌ఫేస్ డెఫినిషన్ ఫైళ్ళు, కంపైల్ చేయడానికీ ఇన్‌స్టాల్ చేయడానికీ వాడిన స్క్రిప్టులు. ఆ చివరి ముక్కనే జనం మర్చిపోతారు. నేనూ మర్చిపోయాను. ఏం జరిగిందో చెప్తాను.

నేను మొదట్లో పనిచేసిన కంపెనీలో ఒక పరికరానికి సోర్స్ కావాలని ఎవరో ముక్కూమొహం తెలియని వ్యక్తి అడిగారు. నేనే బండిల్ తయారుచేసి పంపాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. తిట్లు లేవు, బెదిరింపు లేదు, టెర్మినల్‌లోంచి కాపీ చేసిన రెండు లైన్ల ఎర్రర్ ఉంది. బిల్డ్ ఎలా చేయాలో చెప్పే మేక్‌ఫైల్ ఒక హెడర్ ఫైలు కోసం వెతుకుతోంది. ఎక్కడ? హోమ్ ఫోల్డర్‌లో, దాని కింద మా పాత సహోద్యోగి లాగిన్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో, దాని కింద టెంప్‌లో. ఆయన ఉద్యోగం మానేసి ఏడాదిన్నర అయింది. ఆయన ల్యాప్‌టాప్‌ని ఫార్మాట్ చేసి ఇంకొకరికి ఇచ్చేశారు. ఆ హెడర్‌లో ఉన్నది బోర్డు మీద ఏ పిన్ను దేనికి అన్న పట్టిక. అది లేకపోతే మిగతా వేల ఫైళ్ళు ఉన్నా బిల్డ్ కాదు. పాత బిల్డ్ సర్వర్ బ్యాకప్‌లు ఒక్కొక్కటీ తిరగేస్తే పదకొండు రోజులకు దొరికింది.

అంతటితో అయిపోలేదు. కెర్నెల్ కాన్ఫిగరేషన్ ఫైలు కూడా బండిల్‌లో లేదు. దాని పేరు చుక్కతో మొదలవుతుంది కదా, నేను కాపీ చేసేటప్పుడు నక్షత్రం గుర్తు పెట్టి కమాండ్ ఇచ్చాను. చుక్కతో మొదలయ్యే ఫైళ్ళను ఆ గుర్తు పట్టుకోదు. ఫోల్డర్ తెరిచి చూస్తే అన్నీ ఉన్నట్టే కనపడ్డాయి. ఆ ఒక్క ఫైలు లేకపోతే మా కెర్నెల్‌లో ఏ డ్రైవర్లు ఉన్నాయో బయటివాళ్ళకు తెలిసే దారే లేదు.

అప్పటినుంచి ఒకే పరీక్ష పెట్టుకున్నాను, మీరూ పెట్టుకోండి. ఆ ప్రోడక్ట్ మీద ఎప్పుడూ పనిచేయని ఒక ఇంజనీరును పిలవండి. కొత్తగా ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించిన మెషిన్ ఇవ్వండి, కంపెనీ నెట్‌వర్క్ తీగ పీకేయండి. చేతికి బండిల్ ఒక్కటే ఇచ్చి, అందులోని రీడ్‌మీ చూసి ఇమేజ్ బిల్డ్ చేయమనండి. మధ్యలో లేచి వచ్చి మిమ్మల్ని ఏది అడిగితే అది బండిల్‌లో లేనట్టు లెక్క. ఏ కంపైలర్, ఏ వెర్షన్ అన్నది మొదటి ప్రశ్న అవుతుంది, అది రీడ్‌మీలో స్పష్టంగా రాయండి. టూల్‌చెయిన్ (కంపైలర్, దాని తోడు టూళ్ళు) బైనరీనే బండిల్‌లో పెట్టేస్తే పని సులువవుతుంది గానీ, జీసీసీ కంపైలర్ కూడా జీపీఎల్ కిందిదే. అప్పుడు దాని సోర్స్ కూడా ఇవ్వాల్సి వస్తుంది.

మీ కెమెరా యాప్ కోడ్ కూడా ఇచ్చేయాలేమోనని భయపడకండి. మామూలు సిస్టమ్ కాల్స్ ద్వారా కెర్నెల్‌ని వాడుకునే ప్రోగ్రాములను కెర్నెల్ నుంచి పుట్టిన రచనలుగా లెక్కించరని కెర్నెల్ లైసెన్సుకు జతచేసిన నోట్‌లోనే రాసి ఉంది. కెర్నెల్‌లోకి లోడయ్యే మాడ్యూళ్ళ సంగతి మాత్రం అలా కాదు. వాటిని విడిగా కూర్చుని చూడాలి.

ఆ కస్టమర్‌కి ఈరోజే ఒక జవాబు రాయండి. "మీ మెయిల్ అందింది, ఫలానా తేదీకల్లా పంపుతాం" అని. మౌనంగా ఉంటే తగాదా పెరుగుతుంది.

ప్రశ్న: చిప్ కంపెనీ మాకు ఎస్‌డీకే (చిప్‌తో పనిచేయడానికి ఇచ్చే సాఫ్ట్‌వేర్ కిట్) ఇచ్చింది. అందులో వైఫై డ్రైవర్ బైనరీగానే ఉంది. కెర్నెల్ సోర్స్ అడిగితే "త్వరలో" అంటున్నారు, ఆ మాట అనబట్టి ఐదు నెలలైంది. ఇవ్వనిది వాళ్ళు కదా, మా తప్పేముంది?
— ఒక ప్రాజెక్ట్ లీడ్

జవాబు: మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు. కానీ లైసెన్సు దృష్టిలో మీరు కూడా పంపిణీదారే. గొలుసులో ప్రతి ఒక్కరూ ఎవరికి వారే బాధ్యులు. చిప్ కంపెనీ మీకు ఇవ్వలేదన్నది వాళ్ళకూ మీకూ మధ్య గొడవ. మీ కస్టమర్‌కి మీరు ఇవ్వలేదన్నది మీకూ ఆయనకూ మధ్య విషయం. "మాకు వచ్చిన హామీనే మీకు పంపుతున్నాం" అనే దారి ఒకటి రెండో వెర్షన్‌లో ఉంది గానీ, అది వ్యాపారం కాని పంపిణీకి మాత్రమే. అమ్మేవాళ్ళకు చెల్లదు.

2008 డిసెంబరులో, జీపీఎల్‌ని ప్రచురించే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ సిస్కో మీద కేసు వేసినప్పుడు విషయం సిస్కో కొనుక్కున్న లింక్‌సిస్ బ్రాండు పరికరాల్లోని జీసీసీ, గ్లిబ్‌సీ లాంటి ప్రోగ్రాముల గురించి. 2009 మే నెలలో రాజీ కుదిరింది. బయట ఎవరో తయారుచేసి ఇచ్చిన కోడ్ అయినా, పెట్టె మీద ఎవరి పేరుంటే అడిగేవాళ్ళు వాళ్ళనే అడుగుతారు.

ఇప్పుడు చేయగలిగింది, సోర్స్ చేతికి రాకుండా షిప్పింగ్ మొదలుపెట్టకపోవడం. కష్టమని తెలుసు. కానీ డబ్బు కట్టకముందే మీ మాటకు బలం ఉంటుంది, కట్టాక ఉండదు. తర్వాతి కొనుగోలు ఒప్పందంలో ఒక వాక్యం చేర్పించండి: ప్రతి ఎస్‌డీకే రిలీజుతో పాటు అందులోని జీపీఎల్, ఎల్‌జీపీఎల్ భాగాల పూర్తి సోర్స్, మా దగ్గర బిల్డ్ అయ్యే స్థితిలో, అదే రోజు ఇవ్వాలి అని. ఎల్‌జీపీఎల్ అంటే ముఖ్యంగా లైబ్రరీల కోసం ఉన్న, కాస్త సడలింపు ఉన్న జీపీఎల్. "మా దగ్గర బిల్డ్ అయ్యే స్థితిలో" అన్న ముక్క వదలకండి. సరఫరాదారుల్లో ఓపెన్‌చెయిన్ ప్రమాణం, అంటే ఐఎస్ఓ 5230, పాటిస్తున్నవాళ్ళు ఎవరో కనుక్కోండి. 2020లో వచ్చిన ఆ ప్రమాణం కింద కంపెనీలో ఈ పనికి ఒక పద్ధతీ, బాధ్యత తీసుకునే మనిషీ ఉండాలి. అలాంటి చోట అడిగితే కనీసం జవాబిచ్చే మనిషి దొరుకుతారు.

ప్రశ్న: మా మొబైల్ యాప్‌లో ఎంఐటీ లైసెన్సు ఉన్న లైబ్రరీలు ముప్ఫై దాకా వాడాం. వాటి సోర్స్ ఇవ్వాలా?
— యాప్ డెవలపర్

జవాబు: అక్కర్లేదు. ఎంఐటీ, బీఎస్‌డీ లైసెన్సులు అడిగేది కాపీరైట్ లైనునూ, లైసెన్సు పాఠాన్నీ మీ యాప్‌తో పాటు ఉంచమని మాత్రమే. సెట్టింగ్స్‌లో "ఓపెన్ సోర్స్ లైసెన్సులు" అని ఒక పేజీ పెట్టి ముప్ఫైవీ అందులో చేర్చండి. పేర్లు రాసి వదిలేయకండి, పాఠం మొత్తం ఉండాలి. అపాచీ లైబ్రరీలుంటే లైసెన్సు కాపీతో పాటు, వాటిలో నోటీస్ అనే ఫైలు ఉంటే అందులోని నోటీసులు కూడా చేరాలి. మీరు మార్చిన ఫైళ్ళలో మార్చినట్టు రాయాలి. ఈ పేజీ చేతితో రాయకుండా బిల్డ్ సమయంలోనే తయారయ్యేలా చూసుకోండి. లైబ్రరీ లిస్టు మారుతూనే ఉంటుంది.

ప్రశ్న: మేడమ్ గారూ, మేము ఒక జీపీఎల్ ప్రోగ్రామ్ తీసుకుని బాగా మార్చి మా సర్వర్ మీద నడుపుతున్నాం. కస్టమర్లు బ్రౌజర్‌లోంచి వాడతారు. ప్రోగ్రామ్‌ని ఎవరికీ ఇవ్వడం లేదు. మా కొత్త ఉద్యోగి ఒకరు "ఏజీపీఎల్ అయితే ఇవ్వాల్సిందే" అంటున్నారు. తేడా ఏమిటి?
— ఒక స్టార్టప్ వ్యవస్థాపకులు

జవాబు: మీ కొత్త ఉద్యోగి సరిగ్గానే చెప్పారు, ముందు ఆ ప్రోగ్రామ్ లైసెన్సు ఫైలు తెరిచి మొదటి లైను చూడండి. "అఫెరో" అన్న మాట ఉందా?

మామూలు జీపీఎల్‌లో బాధ్యత పంపిణీతో మొదలవుతుంది. మీ సర్వర్ మీద మీరు నడుపుకుంటే పంపిణీ లేదు, సోర్స్ ఇవ్వక్కర్లేదు. కంపెనీ లోపల ఎంత మార్చుకున్నా, ఎన్ని మెషిన్ల మీద ఎక్కించుకున్నా అంతే. ఈ ఖాళీని పూడ్చడానికి 2007 నవంబరులో ఏజీపీఎల్ మూడో వెర్షన్ వచ్చింది. దాని పదమూడో సెక్షన్ ప్రకారం, మీరు మార్చిన ప్రోగ్రామ్‌తో నెట్‌వర్క్ ద్వారా పనిచేసే ప్రతి ఒక్కరికీ ఆ మార్చిన వెర్షన్ సోర్స్ తీసుకునే వీలును స్పష్టంగా కనపడేలా ఇవ్వాలి. పేజీ అడుగున ఒక లింకు పెడితే చాలు. అది ఈరోజు సర్వర్ మీద నడుస్తున్న సరిగ్గా ఆ కమిట్‌కి (కోడ్‌లో ఆ నిర్దిష్ట వెర్షన్‌కి) వెళ్ళాలి, ఆరు నెలల కిందటి జిప్ ఫైలుకి కాదు. డిప్లాయ్ స్క్రిప్టే ఆ లింకును మార్చేలా రాసుకోండి.

ఇక మామూలు జీపీఎల్ అయినా సరే, రెండు చోట్ల చాలామంది తెలియకుండా పంపిణీదారులవుతారు. బ్రౌజర్‌కి వెళ్ళే జావాస్క్రిప్ట్ ఒకటి. అది సర్వర్ మీద ఉండిపోదు, ప్రతి యూజర్ మెషిన్‌లోకి కాపీ అవుతుంది. ఆ స్క్రిప్టు జీపీఎల్ కిందిదైతే సోర్స్ ఇవ్వాలి. "సోర్స్ బ్రౌజర్‌లో కనపడుతూనే ఉందిగా" అంటారు. పేర్లన్నీ ఒక్కొక్క అక్షరమైపోయి, ఒకే పొడుగు లైనుగా నొక్కేసిన ఫైలును ఎవరైనా తెరిచి సవరిస్తారా? సోర్స్ అంటే మార్పులు చేయడానికి ఎంచుకునే రూపం అని లైసెన్సు చెప్తుంది. మీ ఇంజనీర్లు ఏ ఫైలు తెరిచి పనిచేస్తారో అదే సోర్స్.

రెండోది, పెద్ద కస్టమర్ ఒకరు "మా డేటా సెంటర్‌లోనే పెట్టండి" అని అడగడం. ఆ రోజు మీరు కంటైనర్ ఇమేజ్ (ప్రోగ్రామ్, అది నడవడానికి కావాల్సినవన్నీ కలిపిన మూట) పంపిస్తారు. అది పంపిణీ. మీ ప్రోగ్రామ్ ఒక్కటే కాదు, ఆ ఇమేజ్ అడుగున ఉన్న లినక్స్ డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీలూ అందులో ఉన్నాయి, వాటిలో జీపీఎల్ కిందివి బోలెడు. ఇమేజ్ తయారైన రోజునే ఆ ప్యాకేజీల సోర్స్‌ని అదే వెర్షన్లలో దించి దాచిపెట్టండి. తర్వాత వెతికితే డిస్ట్రిబ్యూషన్ సర్వర్లలో పాత వెర్షన్లు దొరకడం కష్టం.

ప్రశ్న: అమ్మా, నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. నేను కొన్న ఒక రౌటర్‌కి అప్‌డేట్లు ఆగిపోయాయి. నేనే సరిచేసుకుందామని కంపెనీకి రాసి సోర్స్ అడిగాను. "ఇది మా రహస్యం, కావాలంటే రహస్య ఒప్పందం మీద సంతకం చేయండి" అన్నారు. సంతకం చేయాలా?
— ఒక విద్యార్థి

జవాబు: చేయకండి. అందులోని జీపీఎల్ భాగాల మీద అలాంటి షరతు పెట్టే హక్కు వాళ్ళకు లేదు. లైసెన్సు మీకు ఇచ్చిన హక్కుల మీద అదనపు ఆంక్షలు పెట్టకూడదని రెండో వెర్షన్ ఆరో సెక్షన్‌లోనే ఉంది.

మీ ఉత్తరం చదివి నేను చాలాసేపు ఆలోచిస్తూ కూర్చున్నాను. ఈ లైసెన్సు పుట్టుకే అలాంటి సంతకంతో ముడిపడి ఉంది. ఎంఐటీలో రిచర్డ్ స్టాల్‌మన్ పనిచేసిన ప్రయోగశాలకు జిరాక్స్ ఒక లేజర్ ప్రింటర్ ఇచ్చింది. అంతకుముందున్న ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే వాడేవాళ్ళకు కబురు వెళ్ళేలా ఆయన ప్రోగ్రామ్ మార్చుకున్నారు. కొత్తదానికి సోర్స్ లేదు. కార్నెగీ మెలన్‌లో ఒకరి దగ్గర ఉందని తెలిసి వెళ్ళి అడిగితే, ఇవ్వనని ఒప్పందం రాసిచ్చాను అన్నారట. స్టాల్‌మన్ 1983లో అందరూ వాడుకుని మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు, 1989లో మొదటి జీపీఎల్ వచ్చింది. కొన్న పరికరాన్ని తానే బాగుచేసుకోవాలనుకున్న మనిషి కోసమే ఈ షరతులన్నీ.

రౌటర్ల కథ కూడా తెలుసుకోండి, మీకు ధైర్యం వస్తుంది. లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టీ54జీ అనే రౌటర్ 2002 చివర్లో వచ్చింది. అందులో నడిచేది లినక్స్ అని 2003లో బయటివాళ్ళు కనిపెట్టారు, సోర్స్ అడిగారు. ఒత్తిడి పెరిగాక కంపెనీ సోర్స్ విడుదల చేసింది. దాని మీద 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మొదలైంది. ఇవాళ లెక్కలేనన్ని మోడళ్ళ రౌటర్ల మీద నడుస్తోంది. 2005లో అదే రౌటర్ ఐదో వెర్షన్‌ను మెమరీ తగ్గించి వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌తో తెచ్చినప్పుడు, లినక్స్ కావాలనేవాళ్ళ కోసం కంపెనీయే డబ్ల్యుఆర్‌టీ54జీఎల్ అని విడిగా ఒకటి అమ్మింది. సోర్స్ ఇవ్వడం వల్ల ఆ రౌటర్ మరుగున పడలేదు, కావాలని వెతికి కొన్నవాళ్ళున్నారు.

ఇప్పుడు మీ పని. కంపెనీ సైటులో మీ మోడల్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఫైలు ఉంటుంది, దించుకోండి. బిన్‌వాక్ అనే టూల్‌తో విప్పండి. లోపలి ఫైల్ సిస్టమ్ బయటికి వస్తే బిన్ ఫోల్డర్‌లో చాలా కమాండ్లు ఒకే ఫైలుకి లింకులుగా కనపడతాయి, అదే బిజీబాక్స్. దాని మీద, బైనరీలోని చదవగలిగే అక్షరాలను బయటికి తీసే స్ట్రింగ్స్ కమాండ్ నడపండి. బయటికొచ్చే వందల లైన్లలో ఒక చోట బిజీబాక్స్ అన్న పేరు, వెర్షన్ నంబరు, బిల్డ్ చేసిన తేదీ సమయాలతో సహా ఉంటాయి. ఆ లైనును కాపీ చేసుకోండి. కెర్నెల్ వెర్షన్ లైను కూడా అలాగే దొరుకుతుంది.

మళ్ళీ రాసేటప్పుడు మోడల్ నంబరు, ఫర్మ్‌వేర్ వెర్షన్, మీకు దొరికిన ఆ రెండు లైన్లు, జీపీఎల్ రెండో వెర్షన్ మూడో సెక్షన్ అని రాయండి. "మీ మొత్తం సోర్స్ ఇవ్వండి" అనకండి. మీకు హక్కున్నది ఆ భాగాల పూర్తి సోర్స్, బిల్డ్ స్క్రిప్టులతో సహా. కోపంగా రాయకండి. నేను అటువైపు కూర్చుని అలాంటి ఉత్తరాలు ఎన్నో చదివాను, వివరంగా ఉన్నదాన్ని పక్కకు నెట్టడం మాకు సాధ్యమయ్యేది కాదు.

అయినా ఇవ్వకపోతే? ఉల్లంఘన జరిగిందని కోర్టుకు వెళ్ళేది చాలాసార్లు ఆ కోడ్ రాసిన కాపీరైట్ యజమానులే. జర్మనీలో నెట్‌ఫిల్టర్ (కెర్నెల్‌లోని ఫైర్‌వాల్ భాగం) డెవలపర్ హరాల్డ్ వెల్టె 2004లో మ్యూనిక్ కోర్టులో సైట్‌కామ్ మీద ఆర్డర్ తెచ్చుకున్నారు. 2007లో అమెరికాలో బిజీబాక్స్ డెవలపర్లు మాన్సూన్ మల్టీమీడియా మీద వేసిన కేసు కొద్ది వారాల్లోనే రాజీకి వచ్చింది. 2021 అక్టోబరులో మాత్రం సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ కొత్త దారి పట్టింది. వీజియో టీవీ కొన్న కొనుగోలుదారుగా సోర్స్ కావాలని కాలిఫోర్నియాలో దావా వేసింది. మీలాంటివాళ్ళ తరఫు వాదన అది. మీ ఉత్తరానికి జవాబు రాకపోతే మీరు రాసిన ప్రతులన్నీ జతచేసి ఆ సంస్థకు ఫిర్యాదు పంపండి.

ప్రశ్న: ఎల్‌జీపీఎల్ లైబ్రరీని మా ప్రోగ్రామ్‌లో స్టాటిక్‌గా (ఒకే ఫైలులో కలిపేసి) లింక్ చేశాం. మా సోర్స్ కూడా ఇవ్వాల్సిందేనా?
— సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామర్

జవాబు: మీ సోర్స్ అక్కర్లేదు, లైబ్రరీ సోర్స్ కావాలి. దానితో పాటు ఇంకొకటి ఉంది. లైబ్రరీని మార్చి, మార్చినదాన్ని మీ ప్రోగ్రామ్‌తో మళ్ళీ లింక్ చేసుకునే వీలు యూజర్‌కి ఉండాలి. స్టాటిక్ లింక్ చేశారు కాబట్టి మీ ఆబ్జెక్ట్ ఫైళ్ళు (కంపైల్ అయి, ఇంకా లింక్ కాని ముక్కలు) ఇవ్వాలి. డైనమిక్‌గా లింక్ చేసి ఉంటే ఆ ఒక్క లైబ్రరీ ఫైలు మార్చుకుంటే సరిపోయేది, ఈ తలనొప్పి ఉండేది కాదు. మీ యూజర్ ఒప్పందంలో "రివర్స్ ఇంజనీరింగ్ నిషేధం" అని ఉంటే దాన్ని కూడా చూసుకోండి. ఆ మార్పులను డీబగ్ చేసుకోవడానికి అనుమతి ఉండాలని ఎల్‌జీపీఎల్ 2.1 వెర్షన్ ఆరో సెక్షన్ చెప్తుంది, ఆ రెండూ పొసగవు.

ప్రశ్న: జీపీఎల్ ప్రోగ్రామ్‌ని డబ్బుకు అమ్మొచ్చా? అమ్మితే సోర్స్ లోకమంతటికీ ఇవ్వాలా?
— ఫ్రీలాన్సర్

జవాబు: నిక్షేపంగా అమ్మొచ్చు, ఎంతకైనా. బైనరీతో పాటే సోర్స్ ఇచ్చేస్తే కొన్నవాళ్ళకు ఇస్తే చాలు. కానీ కొన్నవాళ్ళు దాన్ని ఇంకెవరికైనా ఇచ్చుకోవచ్చు, మీరు ఆపలేరు. హామీ పత్రం దారి ఎంచుకుంటే మాత్రం అడిగినవాళ్ళందరికీ ఇవ్వాలి. అందుకే నేను ఎప్పుడూ మొదటి దారినే చెప్తాను.

ప్రశ్న: మాకు నోటీసు వచ్చింది. సోర్స్ ఇప్పుడు ఇచ్చేస్తే సరిపోతుందా, లేక హక్కు పోయినట్టేనా?
— పేరు రాయవద్దన్నారు

జవాబు: జీపీఎల్ రెండో వెర్షన్‌లో షరతు తప్పిన క్షణం నుంచే మీ హక్కు దానంతటదే రద్దవుతుంది, తిరిగి రావడం గురించి అందులో మాట లేదు. 2007 జూన్‌లో వచ్చిన మూడో వెర్షన్ ఇక్కడ దయ చూపింది. అదే యజమాని నుంచి మొదటిసారి నోటీసు అందుకున్నవాళ్ళు, అందిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కు శాశ్వతంగా తిరిగొస్తుంది. 2017 అక్టోబరులో చాలామంది కెర్నెల్ డెవలపర్లు తమ కోడ్‌కి కూడా ఇదే వెసులుబాటు వర్తిస్తుందని ప్రకటించారు. మీ నోటీసు దేని గురించో మీరు రాయలేదు. ఏదైనా సరే ఈరోజు లాయర్ని కలవండి, రేపు బండిల్ పని మొదలుపెట్టండి.

ప్రశ్న: మా పరికరం అమ్మకాలు ఆపేసి రెండేళ్ళయింది. వచ్చే నెల ఆ బిల్డ్ సర్వర్ తీసేస్తున్నారు, దాని మీద పనిచేసిన ముగ్గురు ఇంజనీర్లనూ వేరే టీముకి మారుస్తున్నారు. సోర్స్ ఇంకా ఎన్నాళ్ళు ఉంచాలి?
— రిలీజ్ మేనేజర్

జవాబు: మీరు పెట్టెలో హామీ పత్రం పెట్టి అమ్మారనుకుంటున్నాను. అలాగైతే ఆఖరి పరికరం బయటికి వెళ్ళిన రోజు నుంచి లెక్క. మూడేళ్ళంటే కనీసం మూడేళ్ళు, అంటే మీకు ఇంకా ఏడాది ఉంది. అమ్మకాలు ఆపాక కూడా గోడౌన్‌లోంచి, రీప్లేస్‌మెంట్ కింద పరికరాలు వెళ్ళి ఉంటాయి, ఆ తేదీ కూడా అడిగి తెలుసుకోండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇంకా మీ సైటులో డౌన్‌లోడ్‌కి ఉంటే అది ఉన్నన్నాళ్ళూ పంపిణీ జరుగుతున్నట్టే. అందులో జీపీఎల్ మూడో వెర్షన్ భాగాలుంటే మూడేళ్ళతో పాటు, ఆ మోడల్‌కి విడిభాగాలో సపోర్టో ఇస్తున్నంత కాలం సోర్స్ ఇవ్వాలి. ఇళ్ళలో వాడే పరికరమైతే మార్చిన సాఫ్ట్‌వేర్‌ని తిరిగి ఎక్కించుకోవడానికి కావాల్సిన సమాచారం, అవసరమైతే తాళాలతో సహా, అందులోనే ఉండాలి.

డిస్కు స్థలం గురించి ఆలోచించకండి, అది పెద్ద విషయం కాదు. బండిల్‌ని రెండు చోట్ల దాచి, ఫైలు చెడిపోలేదని తేల్చే చెక్‌సమ్ రాసి, అడిగేవాళ్ళకు జవాబిచ్చే మెయిల్ ఐడీ ఏ ఒక్క ఉద్యోగి పేరు మీదా కాకుండా చూడండి. వీటన్నిటికంటే ముందు, ఈ వారంలోనే ఆ బండిల్‌ని కొత్త మెషిన్ మీద ఒకసారి బిల్డ్ చేసి చూడండి. ఏదైనా ఫైలు దొరక్కపోతే అడగడానికి ఆ ముగ్గురూ ఇంకా మీ పక్క సీట్లలోనే ఉన్నారు.